కాన్సాస్ గడ్డిలో నాలుగు గీతలు

జనవరి 28, మంగళవారం

మళ్ళీ బట్టల తీగ దగ్గరే. కాఫీ కలుపుతూ వంటింటి కిటికీలోంచి చూశాను. స్రవంతి చెవి దగ్గర ఫోను, రెండో చేత్తో నా చీర అంచు పట్టుకుని ఆరిందో లేదో చూస్తున్నట్టు నటన. ఆ చీర నిన్ననే ఆరిపోయింది. నన్ను చూడగానే ఫోను పెట్టేసింది.

"ఎవరే పొద్దున్నే?"

"మా అమ్మక్కా."

వరంగల్లో ఇప్పుడు అర్ధరాత్రి దాటి ఉంటుంది. ఏ అమ్మ మేలుకుని కూర్చుంటుంది ఈ వేళకి? చెవుల్లో పువ్వులు పెట్టుకున్నట్టు కనిపిస్తున్నానా...


జనవరి 29

అమ్మతో ఇంగ్లీషులో మాట్లాడుతోంది! "నో, నో, షీ డజంట్ నో." పెరటి తలుపు సందులోంచి స్పష్టంగా విన్నాను.

ఎవరా 'షీ'?


జనవరి 31, శుక్రవారం

ఈయనతో చెప్పాను. ఎందుకు చెప్పానా అనిపించింది.

"ఎవరో కుర్రాడై ఉంటాడులేవే. వయసులో ఉన్న పిల్ల."

"మరి 'ఆవిడకు తెలీదు' అనడం ఎందుకండీ?"

"నీకు తెలిస్తే ఊరుకోవని."

ప్రసాద్‌కు లోకమంతా అంత తేలిక. కంప్యూటర్లలో తప్పులు వెతికే ఉద్యోగం, మనుషుల్లో మాత్రం ఒక్కటీ కనపడదు. ఆ పిల్లను ఇంట్లో పెట్టుకుందాం అన్నది నేనే. అదీ నిజమే. పోయిన చలికాలం, అద్దె పెంచారని యూనివర్సిటీలో నా గదిలో కూర్చుని ముక్కు చీదుతుంటే, మన తెలుగు పిల్ల, నా దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల, పద మా ఇంటికి అన్నాను. వెనక గది ఖాళీయే కదా. అప్పటినుంచీ మా అమ్మాయి నిత్యకు 'స్రవ్స్', ఈయనకు 'ఏమ్మా', నాకు చెల్లెలు లాంటిది.

చెల్లెలు లాంటిదే. కాదనను. కానీ మ్యాపులన్నీ దాని చేతిలో ఉన్నాయి. నాకు ఆ సాఫ్ట్‌వేర్ రాదు. పాత విమానం ఫోటోలు, సర్వే మ్యాపులు ఒకదాని మీద ఒకటి పరిచేది అదే. నేను కనిపెట్టిన పాత బండ్ల దారి మొత్తం దాని కంప్యూటర్లో ఉంది.


ఫిబ్రవరి 1, శనివారం

టార్నీట్‌లో తెలుగువాళ్ళ గెట్-టుగెదర్. ప్రతిసారీ ఎవరో ఒకరు అడిగేదే, ఈసారి ఒక అంకుల్.

"అమెరికా హిస్టరీ చదవడానికి అమెరికా పోవాలి గానీ ఆస్ట్రేలియాలో కూర్చుని ఏంటమ్మా?"

సమాధానం నోటికి వచ్చేసింది ఇన్నేళ్ళకి. మిస్సోరి నుంచి సాంటా ఫే దాకా బట్టలూ గిన్నెలూ కత్తెర్లూ నింపుకుని ఎడ్లబండ్ల మీద వ్యాపారానికి పోయేవాళ్ళండీ, రైలు రాకముందు. నేను ఆ దారి మీద పని చేస్తాను. అంకుల్ విని, "అంటే ట్రాన్స్‌పోర్టు బిజినెస్సన్నమాట" అన్నారు. ఈయన పక్కనుంచి, "పడమరకి పోతే చవగ్గా నేల దొరుకుతుందని వాళ్ళు పోయారు, మనమూ అందుకే టార్నీట్ వైపు వచ్చాం" అని అందర్నీ నవ్వించారు. నేనూ నవ్వాను.

స్రవంతి నవ్వలేదు. పేపర్ ప్లేటు పట్టుకుని గోడ వారన నించుంది. "మా అక్క కొత్త దారి కనిపెట్టింది తెల్సా" అని పోయినసారి ఇదే హాల్లో అందరికీ చెప్పుకుంటూ తిరిగిన మనిషి. ఈసారి ఆ ఊసే ఎత్తలేదు.

ఎందుకని?


ఫిబ్రవరి 4, మంగళవారం

ఇక్కడ రాసుకోకపోతే బుర్ర పగిలేలా ఉంది.

మ్యాపు ఫైలు ఎవరు తెరిచారో చూపిస్తుంది కదా. నా పేరు, స్రవంతి పేరు ఉండాలి. మార్టిన్ పేరు కూడా ఉంది. మా డిపార్ట్‌మెంట్ హెడ్. ఆయనకు నా ఫైలుతో ఏం పని? నేను పంపలేదు. మిగిలింది ఒక్కరే.

ఆ దారి... ఇన్నేళ్ళూ ఇతరులు చూసినవాటి గురించి పాఠాలు చెప్పాను, ఇతరుల పుస్తకాల మీద వ్యాసాలు రాశాను. ఇది నేను చూసింది. పాత విమానం ఫోటోలో, కాన్సాస్ పడమటి కొసన, ఎవరూ పట్టించుకోని ఒక పశువుల బీడులో, నాలుగు సన్నటి గీతలు పక్కపక్కనే. బండ్లు ఆ మైదానంలో నాలుగు వరసలుగా నడిచేవి. అక్కడి ఆదివాసులు కోమాంచీల నేల మీద నడుస్తూ కోమాంచీలకే భయపడి, దాడి జరిగితే చప్పున బండ్లతోనే చుట్టూ కోట కట్టుకోవడానికి. నాలుగు గీతలంటే నాలుగు వరసలు. నీళ్ళు లేని ఆ మధ్య ముక్కలో ఒక ఊట వైపు పోయే అడ్డదారి. ఏ వ్యాపారీ రాయని దారి. ఆ రోజు కుర్చీలోంచి లేచి నిత్యను ఎత్తి తిప్పబోయాను. "మామ్, స్టాప్, ఐ యామ్ ఫిఫ్టీన్" అంది.

ఇరవయ్యేడున కాన్‌బెర్రాలో చరిత్రకారుల సభలో అది చెప్పాలి. నా పేరుతో. దాన్ని ఎవడికీ, ఎవతికీ ఇవ్వను.


ఫిబ్రవరి 6, గురువారం

పప్పులోకి తాలింపు వేస్తున్నాను. స్రవంతి వచ్చి పక్కన నించుంది. వెల్లుల్లి ఒలుస్తూ, నా వైపు చూడకుండా —

"అక్కా, ఈ పేపరు ఇంకో ఏడాది ఆగి చెప్తే ఏమైతది?"

"ఎందుకాగాలే?"

"ఏం లే. ఇంకొన్ని ఫోటోలు చూస్తే మంచిగుంటది గదా అని."

అహా. ఏడాది! నేను ఆగుతాను, ఈలోగా ఎవరు చెప్తారు? తాలింపు మాడిపోయింది. దాని ముందే గిన్నె సింకులో పడేశాను, కావాలనే, చప్పుడయ్యేలా.


ఫిబ్రవరి 7

క్యాంపస్ కాఫీ కొట్లో స్రవంతీ మార్టినూ. ఆయన తల ఊపుతున్నాడు. ఇది చేతులు తిప్పుతూ చెప్తోంది. గాజులోంచి చూసి వెనక్కి వచ్చేశాను. కాఫీ తాగనే లేదు.


ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున దోసెలు. స్రవంతే పోసింది. నాకు పల్చగా, ఈయనకు మందంగా, నిత్యకు చీజుతో. ఎవరికేది ఇష్టమో అన్నీ తెలుసు. నిత్య ఏదో అంటే పగలబడి నవ్వి అట్లకాడ కిందపడేసింది. ఒక్క క్షణం నా మీద నాకే అసహ్యమేసింది. ఛీ, ఏం మనిషిని నేను! ఈ పిల్లనా అనుమానించేది? నాకు జ్వరమొచ్చినప్పుడు పక్కన కూర్చుని తల పట్టింది.

మధ్యాహ్నం నిత్య ఫోను చూసుకుంటూ అలవోకగా, "స్రవ్స్ ఈజ్ లుకింగ్ ఫర్ అ రూమ్ ఇన్ టార్నీట్. షీ సెడ్ డోంట్ టెల్ మామ్. ఊప్స్."

ఇంట్లోంచి పోవడానికి గది వెతుక్కుంటోంది, నాకు చెప్పకుండా. తప్పు చేయనివాళ్ళకు ఆ అవసరమేంటి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమని ఊరికే అన్నారా.


ఫిబ్రవరి 11, మంగళవారం

ఎర వేశాను.

భోజనాల దగ్గర, చాలా మామూలుగా, పెరుగు కలుపుకుంటూ: "స్రవంతీ, ఆ ఊట మనం అనుకున్న చోట కాదే. వాగుకు ఉత్తరాన ఉంది. పాత సర్వేలో ఇవాళ చూశాను. మార్చేద్దాం."

అబద్ధం. ఊట వాగుకు దక్షిణాన్నే ఉంది. సర్వేలో అలాగే ఉంది. నా గీతలు దానికి కొంచెం ఎడంగా పోతాయి, అది నాకు మొదట్నుంచీ పంటికింద రాయే. ఊటలు జరుగుతుంటాయి, వందేళ్ళలో ఎన్ని జరగవు అని సర్దిచెప్పుకున్నాను. అబద్ధమైనా నమ్మేలా ఉండాలి కదా, అందుకని గీతలు పోయే వైపే చెప్పాను.

ఈ ముక్క ఈ బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా అనలేదు. మార్టిన్ నోట వస్తే దొంగ దొరికినట్టే.

స్రవంతి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఉత్తరానికా?" అంది.

"ఆ, ఉత్తరానికే."

"సర్వేల చూసిన్రా మీరు?"

"చూశాననే కదా చెప్తున్నా."

అన్నం వదిలేసి లేచింది. కడుపు నొప్పంది. నిత్య నన్నోసారి, దాన్నోసారి చూసింది.


ఫిబ్రవరి 13

ఏమీ లేదు. అది నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడించడం లేదు. ఇంట్లో మిక్సీ ఒక్కటే మాట్లాడుతోంది.


ఫిబ్రవరి 14, శుక్రవారం

దొరికింది!!

కారిడార్లో మార్టిన్. మెల్లగా, గొంతు తగ్గించి, "ఊట స్థానం మార్చావట కదా?" అన్నాడు. నాకొచ్చింది సంతోషమో కోపమో కూడా తెలీలేదు. "ఎవరు చెప్పారు?" అన్నాను. "సోమవారం నా గదికి రా, మాట్లాడదాం" అని వెళ్ళిపోయాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. రైల్లో మా వెర్రిబీ దాకా ఏమేం అడగాలో మనసులో వరసగా పేర్చుకుంటూ వచ్చాను. అన్నం పెట్టినందుకు ఇదా? అక్కా అని పిలిచిన నోటితోనేనా? నీ పేరు పెట్టుకుని చెప్పుకోవడానికి నా దారే దొరికిందా?

ఇవాళ అడగను. రేపు. ఈయన నిత్యను ఈతకు తీసుకెళ్ళాక.


ఫిబ్రవరి 15, శనివారం

నేను పేర్చుకున్నవాటిలో ఒక్క మాటా అనలేదు. ఎలా జరిగిందో జరిగినట్టు రాస్తాను.

బల్ల దగ్గర కూర్చుని బీన్స్ తరుగుతోంది. ఎదురుగా కూర్చున్నాను.

"మార్టిన్‌కు ఊట సంగతి ఎవరు చెప్పారే?"

"నేనే చెప్పినక్కా."

ఇలా ఒప్పేసుకుంటుందనుకోలేదు. నోరు తెరిచేలోపే అది కత్తి కింద పెట్టి ఏడవడం మొదలుపెట్టింది.

"ఎందుకు జరిపిన్రక్కా ఊటను? సర్వేల అది యాడున్నదో నాకు తెల్వదా? నేనే గదా మ్యాపుల పెట్టింది. మీరు ఉత్తరం అన్నరు. గీతలు గటే పోతయి. గీతల కాడ ఊట లేదని, ఊటనే గీతల కాడికి తెచ్చిన్రా అని... నాకు కాళ్ళు చేతులు ఆడలే. ఎవ్వలకు చెప్పాలె నేను? గందుకే మార్టిన్‌కు చెప్పిన."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేను వేసిన ఎర దానికి ఎరలా కనపడలేదు. దొంగ లెక్కలా కనపడింది. నా పరిశోధన నిలబెట్టుకోవడానికి సాక్ష్యాన్ని మార్చేశాననుకుంది.

"గీతల కాడికి తేవాల్సిన ఖర్మ నాకేంటే? గీతలకేమైంది?" అన్నాను.

అప్పుడు చెప్పింది. కళ్ళు తుడుచుకుంటూ, నా మొహం చూడకుండా.

"అవి బండ్ల జాడలు గావక్కా. నాగటి చాళ్ళు."

గడ్డికి మంట అంటుకుంటే ఇళ్ళ వైపు రాకుండా అక్కడి రైతులు ఇటు రెండు చాళ్ళు, అటు రెండు చాళ్ళు దున్ని, నడిమి గడ్డి ముందే కాల్చేసేవాళ్ళట. రెండూ రెండూ నాలుగు. ఆ జిల్లా మ్యూజియంలో డోనా అని రిటైరైన టీచరమ్మ ఉందట, ఆ బీడు వాళ్ళ తాతదేనట. ఆయన దున్నాడని ఇంట్లో చెప్పుకునేవాళ్ళట. పొద్దున్నే ఫోన్లు ఆవిడకే. ఇక్కడ పొద్దున అక్కడ మధ్యాహ్నం.

"ఆమె మాట ఇడిచిపెట్టున్రి. వాగు కాడ చూడున్రి మీరే. బండ్లైతే దిగనీకి వాలు దేవులాడుకుంటయి, నాలుగు వరసలు ఒక్కటైతయి. ఇవేమో ఒడ్డు దాంక సక్కగ పోయి, అటు ఒడ్డు మీద మళ్ళ సక్కగ లేస్తయి. ఏ బండోడు గంత నిట్టనిలువు ఒడ్డు మీదికెళ్ళి దిగుతడక్కా? మీ క్లాసుల మీరు చెప్పేది అదేనాయె."

అవును. మొదటి సంవత్సరం పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం. బండి నేల మాట వింటుంది, నాగలి మనిషి మాట వింటుంది. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్తాను.

"ఎప్పట్నుంచి తెలుసే నీకు?"

"క్రిస్మస్ ముందట్నుంచి."

"నాతో చెప్పడానికేం?"

"ఎట్ల చెప్పాలె? మీ ఇంట్ల ఉంటున్న. మీరు పెట్టింది తింటున్న. మీ ముందట కూసుని, అక్కా మీ దారి తప్పు అని ఎట్ల అనాలె? మస్తు సార్లు అందామని వచ్చిన. గా దినం వెల్లుల్లి ఒలుసుకుంట అననే అంటి, ఏడాది ఆగున్రి అని. మీకు కోపమొచ్చె. బయట ఉంటెనన్న నోరొస్తదేమో అని రూం గూడ దేవులాడిన. మార్టిన్ చెప్తే మీరు ఇంటరు గదా అని జనవరిలనే ఆయనకు మ్యాపు చూపెట్టిన. ఆయనేమో మీ అంతట మీరే చూస్కోవాలె, అదే మంచిది అన్నడు."

తరిగిన బీన్స్ గిన్నెలోకి తోశాను.

"గని ఊటను ఎందుకు జరిపిన్రక్కా?" మళ్ళీ అదే. ఈసారి మెల్లగా, ఎలాగైనా నన్ను బయటపడేసే సమాధానం నా నోటినుంచి రావాలన్నట్టు.

ఏం చెప్పను? నిన్ను దొంగ అనుకుని వల పన్నానే అని చెప్పాలా? చెప్తే నేను దొంగ లెక్కలు రాసేదాన్ని కాదని తేలుతుంది. కానీ దోసెలు పోసిన చెయ్యిని, జ్వరంలో తల పట్టిన చెయ్యిని అనుమానించానని తేలుతుంది.

"తప్పు చూశానే. నిద్ర సరిగా లేదు" అన్నాను.

"సరే అక్కా" అంది. కత్తి తీసుకుని మిగిలిన బీన్స్ తరిగింది.


ఫిబ్రవరి 16, ఆదివారం

దొంగను పట్టబోయి నేనే దొంగనయ్యాను. నవ్వొస్తోంది. ఏడుపూ వస్తోంది.

వాగు దగ్గర ఫోటో పెద్దది చేసి చూడాలి. చూడలేదు. ఇల్లంతా తుడిచాను.


ఫిబ్రవరి 17, సోమవారం

మార్టిన్ తలుపు వేశాడు. ఆయనెప్పుడూ తలుపు వేయడు.

చాలా మంచిగా మాట్లాడాడు. మంచితనం చూస్తేనే భయమేసింది. సభలోంచి తప్పుకున్నా ఎవరూ తక్కువగా చూడరు, ఇలాంటివి అందరికీ జరుగుతాయి అన్నాడు. చివర్లో, పెన్ను మూత తీసి పెడుతూ, "ఆ పాత సర్వే, ఊట ఉత్తరాన ఉందన్నావే, అది ఒకసారి చూపిస్తావా?" అన్నాడు.

మా ఇంట్లో ఉండే అమ్మాయిని పట్టుకోవడానికి అబద్ధం చెప్పాను సార్ అనాలి. ఇంగ్లీషులో మనసులో అనుకుని చూశాను. తెలుగులోనూ అనుకున్నాను. ఏ భాషలోనూ వినబుద్ధి కాలేదు.

"తప్పు చూశాను" అన్నాను. రెండోసారి.

ఆయన తల ఊపాడు. నమ్మలేదని ఆ ఊపులోనే తెలుస్తోంది. అది సరే, ఈ మార్టిన్‌కు జనవరి నుంచి తెలుసు కదా. నెలంతా కారిడార్లో ఎదురుపడి, గుడ్ మార్నింగ్ చెప్పి, ఎండల గురించి మాట్లాడి, ఒక్క మాట అనలేదేం? నా అంతట నేను చూసుకోవాలనా? లేక నా అంతట నేను పడిపోవాలనా? ప్రమోషన్ కమిటీలో కూర్చునేది ఆయనే.


ఫిబ్రవరి 19, బుధవారం

స్రవంతి వెళ్ళిపోయింది. టార్నీట్‌లో నలుగురమ్మాయిలు కలిసుండే ఇల్లు. ఈయనే పెట్టెలు కారెక్కించారు. నిత్య గదిలోంచి బయటికి రాలేదు.

గోంగూర పచ్చడి సీసా ఇచ్చాను. రెండు చేతులా తీసుకుంది. "వస్త అక్కా."

దింపి వచ్చాక ఈయన బూట్లు విప్పుతూ, "నువ్వేమైనా అన్నావా దాన్ని?" అన్నారు.

"ఏమీ అనలేదండీ."

"అదే, ఏమీ అనలేదనే చెప్పింది. కారులో ఏడుస్తూనే ఉంది."


ఫిబ్రవరి 21, శుక్రవారం

చూశాను.

వాగు ఒడ్డు దాకా సూటిగా. అవతల ఒడ్డు మీద సూటిగా. ఒడ్డు తర్వాత కోసుకుపోయిందని నా పేపర్లో రాసుకున్నాను కదా, అప్పట్లో వాలుగా ఉండేదని. ఎంత ముచ్చటగా రాసుకున్నానో. ఎవరైనా విద్యార్థి ఇలా రాస్తే ఎర్ర ఇంకుతో కొట్టేసేదాన్ని.

డోనా పంపిన ఫోటో కూడా ఉంది, స్రవంతి పోతూ పోతూ నాకు పెట్టింది. సాయంత్రం ఎండలో నేల మీద నించుని తీసింది. గీతకు రెండు పక్కలా సన్నటి గట్టు, గట్టు నీడ. చక్రాలు నేలను అరగదీస్తాయి, గట్టు వేయవు. నాగలి వేస్తుంది.

అయిపోయింది, తెలిసిపోయింది అనుకుని కంప్యూటర్ మూశాను.

సాయంత్రం సభవాళ్ళ మెయిలు. నేను గనక తప్పుకుంటే ఆ చోట్లో స్రవంతి తన పేపరు చదువుతుందట, మార్టిన్ సూచన మేరకు. మళ్ళీ కంప్యూటర్ తెరిచాను. ఈ ఫోటో ఆ బీడుదే అని నాకెలా తెలుసు? గడ్డి ఎక్కడైనా గడ్డే. కంచె లేదు, ఇల్లు లేదు, వాగు లేదు. తాత దున్నాడని ఆవిడ అంటే అయిపోయిందా? ఆవిడ అందని ఇది అంటే అయిపోయిందా? నేనెప్పుడూ ఆవిడతో మాట్లాడలేదు. ఆ బీడులో నేను అడుగే పెట్టలేదు...


ఫిబ్రవరి 22

ఈయన: "ఇంకా దాన్నే అనుమానిస్తున్నావా?"

నేను: "అందర్నీ."


ఫిబ్రవరి 23, ఆదివారం

నమ్మితే నా దారి లేదు. అందుకేనేమో నమ్మబుద్ధి కావడం లేదు. ఇది తెలిసి కూడా అనుమానం పోవట్లేదు, అదీ నా గోల.

నిత్య నాతో మాట్లాడింది, మూడు మాటలు. "జస్ట్ రింగ్ హర్."

స్రవంతికి కాదు. ఆవిడకు చేస్తాను, ఆ డోనాకు. చరిత్ర చదివినదాన్ని, ఒకరి నోటి మాట ఎందుకు నమ్మాలి? నేనే అడుగుతాను.


ఫిబ్రవరి 25, మంగళవారం

పొద్దున్నే చేశాను. ఇంట్లో మాట్లాడబుద్ధి కాక పెరట్లోకి వెళ్ళాను.

ముసలావిడ గొంతు, గట్టిది. నా పేరు చెప్పబోతే మధ్యలోనే ఆపింది. "ఆస్ట్రేలియా నంబరు కదా, మీరు ప్రొఫెసరమ్మ. మీరు చేస్తారని చెప్పిందా అమ్మాయి."

"ఎప్పుడు చెప్పింది?"

"మొదట్లోనే, జనవరిలో. మా మేడమ్ ఎవరి మాటా ఊరికే నమ్మదు, తనే అడిగి తెలుసుకుంటుంది, మాకూ అదే నేర్పింది అంది. మీరు ఏదడిగితే అది ఉన్నదున్నట్టు చెప్పమంది. ఎంత గొప్పగా చెప్పుకుందనుకున్నారు మీ గురించి!"

తాత గురించి అడిగాను. చెప్పింది. ఏ వేసవిలో ఏ మంట తర్వాత దున్నాడో, ఎవరి గుర్రాలు అరువు తెచ్చాడో అన్నీ. ఫోటో ఎక్కడ నించుని తీసిందో అడిగాను. చెప్పింది, కంచె గేటు దగ్గర్నుంచి ఎటు నడవాలో సహా. అనుమానించడానికి ఏమీ మిగల్లేదు. ఇక థాంక్స్ చెప్పి పెట్టేయబోతున్నాను.

"మీరు చెయ్యడం మంచిదైంది, నేనే అడుగుదామనుకున్నాను" అందావిడ. "ఆ అమ్మాయి పోయినవారం చేసింది. మా మేడమ్ ఊట ఉత్తరాన ఉందంది, ఆమె ఊరికే అనదు, అందరూ ఆమెను తప్పు పడుతున్నారు, ఒకసారి వెళ్ళి చూస్తారా అని బతిమాలింది. మంచు కాస్త తగ్గిందని నిన్న మా అబ్బాయిని తోడు తీసుకుని వెళ్ళాను. వాగుకు ఉత్తరాన ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తిరిగాం. నాకు మోకాళ్ళ నొప్పులు, అయినా తిరిగాను. తడి కూడా లేదమ్మా అక్కడ. ఆ అమ్మాయికి ఇవాళ ఫోన్ చేసి ఏం చెప్పమంటారు? ఎక్కడ చూశారు మీరు దాన్ని?"

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"హలో? వినిపిస్తోందా? ఊట ఎక్కడ చూశారమ్మా?"

లైను బాగా లేదన్నాను. మళ్ళీ చేస్తానన్నాను. ఆవిడ ఇంకా ఏదో అంటుండగానే పెట్టేశాను.

ఎల్లుండి కాన్‌బెర్రా. తప్పుకుంటున్నానని సభవాళ్ళకు మెయిలు పెట్టేశాను, అది తేలిగ్గానే అయింది. ఇందాకట్నుంచీ ఫోను చేతిలోనే ఉంది. డోనా ముందు చేస్తుందా, నేను ముందు చేస్తానా... స్రవంతి నంబరు తీసి చూస్తున్నాను.